కథ ఆమెది, కత్తెర ఎవరిది?

2007 మే చివర్లో ఒక ఇంగ్లీషు పేపరు లోపలి పేజీలో నాలుగు లైన్ల వార్త చూశాను. ఇరాన్ రచయిత్రి మర్జాన్ సత్రాపి బొమ్మల కథ ‘పెర్సెపొలిస్’ సినిమాగా తయారయిందనీ, దానికి కేన్స్ చలనచిత్రోత్సవంలో జ్యూరీ బహుమతి వచ్చిందనీ. ఆ ముక్క కత్తిరించి నా ఫీల్డ్ నోట్సు పుస్తకం అట్ట లోపల అంటించుకున్నాను. అప్పుడు నేను పిహెచ్.డి. పనిమీద నిజామాబాద్ జిల్లాలో బీడీలు చుట్టే స్త్రీల మధ్య తిరుగుతున్నాను. ఆ సినిమా మన ఊళ్ళ హాళ్ళకి వస్తుందన్న ఆశ లేదు. అయినా ఆ రోజునుంచీ దానికోసం ఎదురుచూడటం మొదలుపెట్టాను.

ఇది ఒప్పుకోవటానికి కాస్త సిగ్గుగానే ఉంది. తెలుగునాట అభిమాని అంటే మగవాడే. మొదటిరోజు మొదటి ఆట, కటౌట్లు, పాలాభిషేకాలు అన్నీ అతనివే. ఆడపిల్ల ఒక సినిమా కోసం రోజులు లెక్కపెడితే పిచ్చి అంటారు. స్త్రీవాదినని చెప్పుకునే పరిశోధకురాలు, అదీ ఒక కార్టూన్ సినిమా కోసం లెక్కపెడితే నవ్వుతారు. హాస్టల్లో మా వాళ్ళు నవ్వారు కూడా. కానీ ఆ ఎదురుచూపు నాకు ఏ పాఠ్యపుస్తకమూ చెప్పని సంగతి ఒకటి నేర్పింది. అది సంస్థల్లో పనిచేసే మనందరికీ సంబంధించినది కనుక ఇన్నేళ్ళ తర్వాత రాస్తున్నాను.

ముందు పుస్తకం సంగతి. సత్రాపి 1969లో పుట్టి టెహ్రాన్‌లో పెరిగింది. 1979 విప్లవం, షా పతనం, ప్రజలు తెచ్చిన విప్లవాన్ని మతపెద్దలు చేజిక్కించుకోవటం, 1980లో బడిపిల్లలకి ముసుగు తప్పనిసరి చెయ్యటం, ఇరాక్‌తో ఎనిమిదేళ్ళ యుద్ధం - వీటన్నిటి మధ్యా పెరిగిన ఒక అల్లరిపిల్ల కథ ఇది. పద్నాలుగేళ్ళ వయసులో తల్లిదండ్రులు భయపడి ఆమెను వియన్నా పంపేస్తారు. అక్కడి ఒంటరితనం, తిరిగి రావటం, పెళ్ళి, విడాకులు, 1994లో దేశం విడిచి ఫ్రాన్సు వెళ్ళటం తర్వాతి కథ. ఫ్రెంచిలో 2000 నుంచి 2003 వరకు నాలుగు భాగాలుగా వచ్చింది. ఇంగ్లీషులో 2003, 2004ల్లో రెండు పుస్తకాలుగా వచ్చింది. నేను చదివింది 2005లో, ఒక మిత్రురాలి దగ్గర అరువు తెచ్చుకుని, ఒక్క రాత్రిలో.

చందమామ, అమర చిత్ర కథ చదివి పెరిగినదాన్ని. బొమ్మల్లో ఆడవాళ్ళంటే తీర్చిన కనుబొమలు, వంచిన తలలు, చివరికి త్యాగం. సత్రాపి గీసిన పిల్ల అలా లేదు. మందమైన నల్లగీతలు, గుండ్రటి ముఖం, రంగులు అసలే లేవు. ఆ పిల్ల అబద్ధాలాడుతుంది, పెద్దవాళ్ళని నిలదీస్తుంది, భయపడుతుంది. వయసొచ్చేటప్పుడు శరీరం ఎంత అడ్డదిడ్డంగా పెరుగుతుందో దాచకుండా గీసుకుంది. మొదటి అధ్యాయంలోనే, కప్పుకోమని ఇచ్చిన ముసుగులతో బడి ఆవరణలో పిల్లలు తాడాట ఆడుకుంటారు. అణచివేతని సిద్ధాంతంగా చదువుకుంటున్న నాకు ఆ ఒక్క బొమ్మ చాలా నేర్పింది. ఆజ్ఞ జారీ అయిన రోజునే దాన్ని ఆటబొమ్మగా మార్చుకోగల శక్తి పిల్లల్లో ఉంటుంది. ఆ శక్తిని చంపటానికి ఎంత హింస అవసరమో తర్వాతి పేజీలు చెబుతాయి.

అటువంటి పుస్తకం సినిమాగా వస్తోందంటే సంతోషంతోపాటు భయమూ వేసింది. ఇష్టమైన కథ ఏదైనా తెరకెక్కుతోందని విన్నప్పుడు ఈ భయం అందరికీ తెలిసిందే. ఆ గొంతు ఉంటుందా? ఆ ముఖం ఉంటుందా? నా విషయంలో ఇంకో భయం కూడా కలిసింది. 2001లో అఫ్ఘానిస్తాన్ మీద యుద్ధానికి దిగిన అమెరికా ఆ దేశపు స్త్రీల విముక్తిని కూడా కారణంగా చూపించుకుంది. ఆ నవంబరులో అధ్యక్షుడి భార్య లారా బుష్ స్వయంగా రేడియోలో ఆ మాట చెప్పింది. 2003లో ఇరాక్ వంతు వచ్చింది. ఇరాన్ మీద బెదిరింపులు నడుస్తున్న రోజులవి. ముసుగులో ఏడ్చే స్త్రీ, ఆమెను కాపాడే తెల్లజాతి సైన్యం - ఈ చట్రంలోకి సత్రాపి కథని ఇరికించటం ఎంత తేలిక! మన దేశంలోనూ ముస్లిం స్త్రీ ‘దైన్యం’ ఎవరి రాజకీయాలకి పనికొస్తుందో మనకి తెలియనిది కాదు.

తర్వాత చదివిన విషయాలు కొంత ధైర్యాన్నిచ్చాయి. హాలీవుడ్ నుంచి వచ్చిన ప్రతిపాదనలని సత్రాపి ఒప్పుకోలేదు. వాన్సాన్ పారొనో అనే మరో చిత్రకారుడితో కలిసి తానే దర్శకత్వం వహించింది. నటులతో తీయకుండా చేత్తో గీసిన బొమ్మలతోనే, దాదాపు అంతా నలుపు తెలుపుల్లోనే తీసింది. నిజమైన మనుషుల్ని, నిజమైన వీధుల్ని చూపిస్తే అది ఎక్కడో దూరదేశపు కథ అయిపోతుందనీ, గీసిన బొమ్మలో ఎవరైనా తమని చూసుకోగలరనీ ఆమె వివరణ. అంతకుముందు 2003లో ఫ్రాన్సు బడుల్లో ముసుగు నిషేధం మీద చర్చ నడుస్తున్నప్పుడు, బలవంతాన కప్పించటాన్ని వ్యతిరేకించే తాను బలవంతాన తీయించటాన్నీ వ్యతిరేకిస్తానని రాసిన మనిషి ఆమె. అంటే పగ్గం ఆమె చేతిలోనే ఉంది. ఇక నిబ్బరంగా ఎదురుచూడవచ్చు అనుకున్నాను.

సరిగ్గా ఆ నెలల్లోనే నా పక్కన ఇంకొకామె కూడా ఒక సినిమా కోసం ఎదురుచూస్తోంది. ఆ సంగతి నాకు తెలుసు. కానీ రెండు ఎదురుచూపులూ ఒకటేనని అప్పుడు తోచలేదు.

ఆమె పేరు రాయను. అక్క అంటాను, అప్పుడూ అలాగే పిలిచేదాన్ని. రోజంతా చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టేది. తునికాకు కత్తిరిస్తూనే మాట్లాడేది, చెయ్యి ఆగేది కాదు. తాగి కొట్టే భర్తనుంచి పిల్లలతో బయటపడి, కేసు పెట్టి, మనోవర్తి కోసం ఏళ్ళ తరబడి కోర్టు చుట్టూ తిరిగిన మనిషి. 2006 అక్టోబరులో గృహహింస చట్టం అమలులోకి వచ్చిన తర్వాత ఒక సంస్థ గ్రామాల్లో ప్రచారానికి చిన్న డాక్యుమెంటరీ తీయాలనుకుంది. మనిషి కావాలని నన్నడిగారు. నేను అక్క పేరు చెప్పాను. ఇంటర్వ్యూ చేసిందీ నేనే.

మూడు రోజులు మాట్లాడింది. రెండోరోజు మధ్యాహ్నం, ఎవరూ అడగకుండానే, తన ఆడబిడ్డ సంగతి ఎత్తింది. కేసు పెట్టినప్పుడు ఇంట్లో అందరి పేర్లూ రాస్తేనే పోలీసులు కదులుతారని ఫిర్యాదు రాసినాయన చెప్పాడట. పెళ్ళి కుదిరిన ఆ పంతొమ్మిదేళ్ళ పిల్ల పేరు కూడా రాయించింది. ఆ పిల్ల ఏనాడూ ఈమెను ఒక్కమాట అనలేదు సరికదా, దెబ్బలు తిన్న రాత్రుళ్ళు అన్నం దాచిపెట్టి తెచ్చేది. స్టేషనుకి పిలిపించారు. పెళ్ళి తప్పిపోయింది. ఆ తర్వాత ఆ పిల్లని ఎటో దూరానికి ఇచ్చి చేశారు. ‘నాకు అన్యాయం జరిగింది నిజం చెల్లె. నేను జేసింది గూడ నిజమే’ అంది అక్క.

ఎడిటింగ్‌లో ఆ భాగం తీసేశారు. తీసేశారు అనటం సరి కాదు, తీసేశాం. ఆ సమావేశంలో నేనూ ఉన్నాను. కారణం చిన్నది కాదు. స్త్రీల మీద క్రూరత్వానికి శిక్ష వేసే 498ఎ సెక్షను (2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో ఇది 85వ సెక్షను) దుర్వినియోగమయితే అది ‘లీగల్ టెర్రరిజం’ అవుతుందని 2005లో సుప్రీంకోర్టు అన్న తర్వాత, ఆ మాటని పట్టుకుని చట్టాన్నే ఎత్తేయమనే గొంతులు పెరిగాయి. వాళ్ళ చేతికి మనమే ఆయుధం ఇస్తామా అని ఒకరడిగారు. అందరం తలూపాం. పన్నెండు నిమిషాల సినిమా తయారయింది. మొదట దెబ్బలు, తర్వాత చట్టం, చివర్లో అక్క నవ్వుముఖం.

నేను ఊరికి వెళ్ళినప్పుడల్లా ‘చెల్లె, మన సినిమా ఎప్పుడొస్తది?’ అని అడిగేది. త్వరలో అక్కా అనేదాన్ని. నా అట్ట లోపలి పేపరు ముక్క అప్పటికి పసుపుపచ్చబడుతోంది.

‘పెర్సెపొలిస్’ నాకు 2008లో దొరికింది. విదేశంనుంచి వచ్చిన మిత్రురాలు డీవీడీ తెచ్చింది. ఫ్రెంచి మాటలు, కింద ఇంగ్లీషు అక్షరాలు, హాస్టల్ గదిలో ఒక కంప్యూటరు చుట్టూ ఆరుగురం. నా భయాలు చాలావరకు అనవసరమయ్యాయి. ఆ ముఖం ఉంది, ఆ అల్లరి ఉంది. రొమ్ముల దగ్గర మల్లెపూలు దాచుకునే అమ్మమ్మ ఉంది. ఆమెకి గొంతు ఇచ్చింది ఎంతో వయసు మళ్ళిన నటి డానియెల్ దారియూ. తల్లికి కాథరీన్ దెనూవ్, కూతురికి దెనూవ్ నిజం కూతురు కియారా మాస్ట్రోయాని. ప్యారిస్ విమానాశ్రయంలో కూర్చుని ఆమె గుర్తు చేసుకునే వర్తమానానికి మాత్రమే రంగులు పెట్టారు.

ఒక ఘట్టం దగ్గర మాత్రం నాకు ఊపిరి ఆడలేదు. పుస్తకంలోనూ ఉన్నదే. యువతిగా ఉన్న మర్జాన్ పెదవులకి రంగు వేసుకుని వీధిలో నిలబడి ఉంటుంది. విప్లవ రక్షకుల బండి వస్తుంది. తను పట్టుబడకుండా ఉండటానికి, పక్కన ఊరికే కూర్చుని ఉన్న ఒక మనిషిని చూపించి, నన్ను అసభ్యంగా మాట్లాడాడని చెబుతుంది. వాళ్ళు అతన్ని పట్టుకుపోతారు. ఇంటికొచ్చి ఇదంతా తమాషాగా అమ్మమ్మకి చెబుతుంది. ఎన్నడూ కోప్పడని అమ్మమ్మ మండిపడుతుంది. భయం మనచేత చేయించిన పనికి కూడా మనమే జవాబుదారీ అని ఆ కోపం సారాంశం.

సత్రాపి దీన్ని సినిమాలోంచి తీసేయవచ్చు. ‘చూశారా, ఇరాన్ స్త్రీలు కూడా అబద్ధపు ఆరోపణలు చేస్తారు’ అనటానికి శత్రువులు లేక కాదు. ఇరాన్ ప్రభుత్వ చలనచిత్ర సంస్థ అప్పటికే ఫ్రెంచి రాయబార కార్యాలయానికి నిరసన లేఖ రాసింది. 2007లో బ్యాంకాక్ చిత్రోత్సవంనుంచి ఈ సినిమాని తప్పించారు. 2008లో లెబనాన్‌లో కొద్దిరోజులు నిషేధించారు. 2011 అక్టోబరులో ట్యునీషియాలో ఒక టీవీ చానెల్ ప్రసారం చేస్తే దాడులు జరిగాయి, చానెల్ అధిపతికి 2012లో జరిమానా పడింది. ఇన్ని కత్తుల మధ్య కూడా ఆమె తన తప్పుని తెరమీద ఉంచింది. ఎందుకంటే కత్తెర ఆమె చేతిలో ఉంది, తన కథలో ఏది ముఖ్యమో ఆమెకి తెలుసు.

ఆ నెలలోనే మా డాక్యుమెంటరీని ఊళ్ళో చూపించారు. పంచాయతీ ఆఫీసు గోడకి తెల్ల దుప్పటి కట్టారు. అక్క కొత్త చీర కట్టుకుని ముందువరసలో కూర్చుంది. అయిపోయాక అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె లేచి నా దగ్గరికి వచ్చింది.

‘గీమె ఎవరు చెల్లె? నా తీరుగనే ఉన్నది గని నేనైతే గాదు’ అంది. ‘ఆ పిల్ల ముచ్చట ఏది? గా ముచ్చట చెప్పనీకే గద నేను కెమెరా ముంగట కూసున్నది.’

నాకు జవాబు లేదు. ఆ పిల్ల ఎక్కడున్నా ఎప్పుడో ఒకప్పుడు చూస్తుందని ఆమె ఆశ. క్షమాపణ చెప్పటానికి ఆమెకి దొరికిన ఒకే ఒక్క దారి ఆ సినిమా. ఆమె ఎదురుచూసింది అందుకోసం. మేము ఆమె దెబ్బలు తీసుకుని, ఆమె మనస్సాక్షిని కత్తిరించి పారేశాం.

మనం తీసుకునే ప్రతి ‘కేస్ స్టడీ’ ఒక జీవితాన్ని ఇంకో మాధ్యమంలోకి మార్చటమే. నివేదిక, పోస్టరు, వీధినాటకం, డాక్యుమెంటరీ - ఏదైనా సరే. ఇష్టమైన పుస్తకాన్ని సినిమావాళ్ళు పాడుచేస్తారేమోనని నేను నిద్ర మానుకున్నాను. ఒక మనిషి బతుకుని నేనే పాడుచేస్తున్నప్పుడు నాకు నిద్ర పట్టింది. పుస్తకం పాడయితే అసలు పుస్తకం బీరువాలో భద్రంగా ఉంటుంది. అక్కకి అలాంటి అసలు ప్రతి ఎక్కడుంది? మేము తీసిందే ఊరికి ఆమె కథ అయింది.

దీనికి మిత్రులు చెప్పే అభ్యంతరాలు నాకు తెలుసు. కోర్టుకి, పత్రికలకి, నిధులిచ్చేవాళ్ళకి మచ్చలేని బాధితురాలే కావాలి. మచ్చ కనిపిస్తే దెబ్బలు కూడా అబద్ధమంటారు. ఇది నిజమే. కోర్టులో వేసే కాగితానికి ఆ జాగ్రత్త తప్పదు. కానీ మనం మన సభల్లో, మన శిక్షణ శిబిరాల్లో కూడా మచ్చలేని స్త్రీనే చూపిస్తూ పోతే, తప్పు చేసిన స్త్రీకి హక్కులు లేవనే పితృస్వామ్య న్యాయాన్ని మనమే ఒప్పుకున్నట్టు కాదా? ఏ తప్పూ చేయనివాళ్ళే హింసనుంచి రక్షణకి అర్హులయితే మనలో ఎవరు మిగులుతారు? ఆడబిడ్డ పేరు రాయించమన్న వ్యవస్థని ప్రశ్నించే అవకాశం కూడా ఆ భాగంతోపాటే మా కత్తెర కింద పోయింది.

కత్తెర ఆమె చేతికిస్తే సమస్య తీరిపోతుందని కూడా నేను అనను. ‘పెర్సెపొలిస్’ పుస్తకంలో మెహ్రీ అనే పనిపిల్ల ఉంది. ఎనిమిదేళ్ళ వయసులో ఆ ఇంటికి పనికొచ్చింది. పెద్దయ్యాక పక్కింటి అబ్బాయిని ప్రేమిస్తుంది. చదువు రాదు కనుక ఆమె ప్రేమలేఖలు చిన్న మర్జాన్ రాసిపెడుతుంది. అభ్యుదయవాది అయిన తండ్రే వెళ్ళి ఆ అమ్మాయి పనిమనిషి అని అబ్బాయికి చెబుతాడు, అక్కడితో ప్రేమ ముగుస్తుంది. వర్గం గురించి ఆ పుస్తకంలో ఇంతకన్నా పదునైన అధ్యాయం లేదు. గంటన్నర సినిమాలో మెహ్రీ లేదు. నిడివి కోసమే తీసి ఉండవచ్చు. కానీ నిడివి తగ్గించవలసి వచ్చినప్పుడు ముందు ఎవరు పోతారన్నది ఎప్పుడూ అడగవలసిన ప్రశ్నే. అక్షరాలు రాని స్త్రీ తరఫున అక్షరాలు వచ్చిన స్త్రీ రాసిపెట్టటం మెహ్రీ ఇంట్లోనే కాదు, మన సంస్థల్లోనూ రోజూ జరిగే పని.

మనకి మంచి సంప్రదాయమూ లేకపోలేదు. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ గొంతులతోనే మాట్లాడతారు. పార్టీ మీద కోపాన్ని, తమ సందిగ్ధాల్ని కూడా దాచుకోరు. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా వాచకంలోని సీతమ్మ కథ చదివి దూబగుంట స్త్రీలు సారా మీద లేచారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ పాఠం విన్న స్త్రీలు అందులో తమని చూసుకున్నారు. సత్రాపి గీసిన బొమ్మలో మనల్ని చూసుకోవటం, సీతమ్మలో దూబగుంట చూసుకోవటం ఒకటే పని. అక్క మా సినిమాలో తనని చూసుకోలేకపోయింది.

2022 సెప్టెంబరులో టెహ్రాన్‌లో ముసుగు సరిగా లేదని పోలీసులు పట్టుకెళ్ళిన మహసా జీనా అమీనీ చనిపోయినప్పుడు ఇరాన్ స్త్రీలు వీధుల్లోకి వచ్చారు. మరుసటి ఏడాది సత్రాపి ‘స్త్రీ, జీవితం, స్వేచ్ఛ’ అనే పేరుతో బొమ్మల పుస్తకం తెచ్చింది. ఈసారి ఒంటరిగా కాదు, పలువురు చిత్రకారులనీ పరిశోధకులనీ కలుపుకుని. అందులో ‘నేను’ లేదు, ‘మేము’ ఉంది. 2025 జనవరిలో ఇరాన్ విషయంలో ఫ్రాన్సు కపటాన్ని తప్పుపడుతూ ఆ దేశపు అత్యున్నత గౌరవాన్ని తిరస్కరించింది. ఆమె కథ అధికారానికి ఆయుధమవుతుందేమోనన్న నా పాత భయానికి అదొక జవాబు.

మన సంస్థలు ఈ కింది పనులు చేయలేవా? వేలిముద్ర వేయించుకునే అంగీకార పత్రంతో ఆగకుండా, ‘ఏ ముచ్చట తీయకూడదు?’ అని ముందే అడిగి రాసుకోవటం. ఊరికీ, నిధులిచ్చేవాళ్ళకీ చూపించకముందే, తయారవుతున్న దశలోనే ఆమెకు చూపించి, దిద్దించుకోవటం. తర్వాత వద్దనిపిస్తే ఆపించే హక్కు ఆమెకు ఉంచటం. కథ చెప్పిన రోజుల కూలి లెక్కగట్టి ఇవ్వటం, మూడురోజులు మాతో కూర్చున్నందుకు ఆమె ఎన్ని వేల బీడీలు పోగొట్టుకుందో మాలో ఎవరమూ అడగలేదు. వీటికి ఖర్చు ఎక్కువ కాదు, సమయం కావాలి. మీ మీ సంస్థల్లో ఏం చేస్తున్నారో, ఎక్కడ చేయలేకపోతున్నారో ఈ పత్రికకి రాయండి.

ఈ వ్యాసం అచ్చుకి పంపేముందు అక్క ఇంటికెళ్ళి చదివి వినిపించాను. ఆమె కళ్ళు ఇప్పుడు మసకబారాయి, బీడీలు మానేసింది. ఊరి పేరు తీసేయమంది, తీసేశాను. దుప్పటి తెర ముందు ఆమె కన్నీళ్ళు పెట్టుకుందని నేను రాసుకున్న వాక్యం దగ్గర ఆపింది. ‘ఏడ్వలేదు చెల్లె, కోపానికొచ్చిన’ అంది. ఆ వాక్యం కొట్టేశాను. ఆడబిడ్డ ముచ్చట మాత్రం రెండుసార్లు చదివించుకుని, ఒక్క మాట కూడా తీయొద్దంది.